బొంత కుట్టుటకు అచ్చులు: ఇంటిలోని వస్తువులు

పాత చీరలను పొరలుగా పరచి దూరపు కుట్లతో కలిపిన దానిని మన పల్లెలలో బొంత అందురు. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో అదే గుదడీ. అతుకు ఎంత వేయవలెనో మన పెద్దలకు కంటిచూపే చెప్పెడిది. కాని ఒకే కొలత గల షట్కోణములను చేర్చి పూలవరుసలు తీర్చవలెనన్నచో కంటిచూపు చాలదు. దానికి అచ్చు కావలెను.

మా అమ్మగారు గతించిన పిదప ఆమె నేతచీరలు నాలుగింటితో అట్టి బొంత కుట్టుటకు పూనుకొన్నాను. శుభలేఖ అట్టతో అచ్చు కత్తిరించి, దాని చుట్టును పెన్సిలుతో గీతలు గీయుచు పోయితిని. నలుబది ముక్కలు దాటుసరికి అట్ట మూలలు అరిగినవి. ఆ సంగతి నేను గమనింపలేదు. కుట్టునపుడు ఆరవ రేకు పూవులో ఇముడలేదు. ముక్కకు 1 మిల్లీమీటరు తేడా అనిన స్వల్పముగా తోచును. 24 ముక్కల వరుసలో అది దాదాపు 1 అంగుళమగును. కోసిన చీర తిరిగి రాదు గదా! ఆ బొంత పక్కబట్టగా కాక, ఊయలబట్టగా ముగిసినది.

ఇంగ్లండులో 1718 నాటి పట్టు అతుకుల దుప్పటి ఒకటి నేటికిని ఉన్నది. అట్టి పనిలో ప్రతి ముక్కకును వేరుగా ఒక కాగితమును వాడుదురు. కనుక అరుగుదల చింత లేదు. మనము ఒకే అచ్చును నూరుమార్లు వాడదలచితిమి. కనుక నూరవ గీత మొదటి గీతవలెనే ఉండవలెను. వస్తువును ఎన్నుటలో అసలు పరీక్ష ఇదియే.

మిఠాయిపెట్టె అట్ట సులభముగా తెగును. కాని కార్తీకపు వానలలో ఇందుకూరుపేట తేమకు మెత్తబడును. రెండు అట్టలను అతికి, అంచులకు గోళ్లరంగు పూసి ఆరనిచ్చినచో కొంత మన్నును. డబ్బారేకు అరగదు, అయితే అంచు చేతిని కోయును, మైపాడు ఉప్పుగాలికి తుప్పుపట్టి చీరపై మరక వేయును. నూనెడబ్బా చదునైన పక్కగాని, ఐస్‌క్రీము డబ్బా మూతగాని మేలు. ఇస్త్రీపెట్టెకు మాత్రము దూరముగా ఉంచవలెను.

నా ఓటు పాత ఎక్స్‌రే ఫిల్ముకే. వైద్యునికి ఇక అక్కరలేదని రూఢి చేసికొన్న తరువాతనే సుమా! బ్లీచింగు నీటిలో నానబెట్టి కడిగినచో నలుపు పోయి పారదర్శకమగును. చీరలోని పూవు ముక్క నడుమ పడునట్లు చూచి పెట్టవచ్చును. గుడ్డపై జారకుండ అడుగున ఉప్పుకాగితపు తునకలు అతికించిన చాలును.

షట్కోణమునకు జామెట్రీ బాక్సు చాలును: వృత్తము గీసి, అదే వ్యాసార్ధముతో చుట్టును ఆరు గుర్తులు పెట్టి కలుపవలెను. చేతికుట్టుకైనచో అచ్చు అసలు కొలతకే ఉండి, గుడ్డ కోయునపుడు చుట్టును పావు అంగుళము వదలవలెను. మిషనుకుట్టుకైనచో ఆ పావు అంగుళమును అచ్చులోనే కలుపవలెను. అచ్చుపై పడుగు దిశకు ఒక బాణపు గుర్తు వేయుట మరువరాదు. ఏటవాలుగా తెగిన అంచు సాగిపోవును. కోసిన గుడ్డముక్కనే అచ్చుగా పెట్టి మరొకటి కోయు అలవాటు మరీ చెడ్డది. తప్పు మీద తప్పు పెరుగును.

మొదట గీసిన మూల అచ్చును గుడ్డపై పెట్టరాదు. వాడుక అచ్చును అప్పుడప్పుడు దానిపై ఉంచి, మూలలు సరిపోలినవో లేవో చూచుటకే అది. మా ఇంటిలో అది ఖర్జూరపు డబ్బాలో, అమ్మగారి చీరకొంగు ముక్కలో చుట్టి ఉన్నది.