సలాహుద్దీన్ జాతి స్వప్నం

1187లో బైతుల్ మఖ్దిస్‌ను విముక్తం చేసిన సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ (రహ్మలై) గాథను మన పిల్లలకు గర్వంగా వినిపిస్తాం. ఆయన కుర్దు జాతీయుడన్న సంగతి మాత్రం అరుదుగా చెబుతాం. ఆ జాతి నేడు టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియా దేశాల మధ్య చీలి ఉంది. వారికి సొంత రాజ్యావకాశాన్ని 1920 నాటి సెవ్ర్ ఒప్పందం చూపితే, 1923 నాటి లొసాన్ ఒప్పందం ఆ ఊసే ఎత్తలేదు.

ఇరాక్ కుర్దుల స్వాతంత్ర్య కాంక్షను తూచేముందు 1988ని గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది సద్దాం ప్రభుత్వం వారి గ్రామాలను వేల సంఖ్యలో నేలమట్టం చేసింది. ఆ సైనిక చర్యకు పెట్టిన పేరు 'అన్ఫాల్'. అది దివ్యఖుర్ఆన్‌లోని ఎనిమిదవ సూరా పేరు! కనీసం 50 వేల మంది హతులయ్యారని మానవహక్కుల పరిశోధకుల అంచనా. మార్చి 16న హలబ్జా పట్టణంపై ప్రయోగించిన విషవాయువు దాదాపు 5 వేల ప్రాణాలను బలిగొంది. పరాయివారి దౌర్జన్యాలకు కన్నీరు కార్చే మనం, ఈ మృతుల కోసం ఎన్నిసార్లు దుఆకు చేతులెత్తాం?

1991 తిరుగుబాటు అనంతరం అక్కడ స్వయంపాలన మొదలైంది. 2005 నాటి రాజ్యాంగం దానిని గుర్తించింది. చమురు నిలయమైన కిర్కూక్ ఎవరిదో 2007 చివరికల్లా ప్రజాభిప్రాయం ద్వారా తేల్చాలన్నది. అది జరగనేలేదు.

2017 సెప్టెంబరు 25న జరిపిన రెఫరెండంలో 92 శాతానికి పైగా ఓటర్లు స్వాతంత్ర్యాన్ని కోరారు. బాగ్దాద్, అంకారా, టెహ్రాన్‌లు ముక్తకంఠంతో వ్యతిరేకించాయి. బాహాటంగా సమర్థించినది ఇజ్రాయీల్; ఆ మద్దతు కుర్దులకు మేలుకన్నా కీడే చేసిందని మా అభిప్రాయం. మూడు వారాలకే, అక్టోబరు 16న, కిర్కూక్ ఇరాక్ సేనల వశమైంది. కుర్దు దళాలలో ఒక పక్షంవారు పోరాడకుండానే వెనుదిరిగారు.

అసలు బలహీనత ఇంట్లోనే ఉంది. బర్జానీ, తాలబానీల పార్టీలు 1994 నుండి అంతర్యుద్ధం సాగించాయి. 1996లో ప్రత్యర్థిని అర్బీల్ నుండి తరిమేందుకు బర్జానీ పక్షం సద్దాం సైన్యాన్నే ఆహ్వానించింది. హలబ్జా జరిగి అప్పటికి ఎనిమిదేళ్ళే! పెష్మర్గా దళాలలో పెద్ద భాగం ఆ తర్వాత కూడా ఈ రెండు పార్టీల అధీనంలోనే ఉండిపోయింది. రెఫరెండం జరిగిన ఆరేళ్ళకు సులైమానియా ఉపాధ్యాయులు అందని జీతాల కోసం బడులు మూసి వీధుల్లో నిలబడ్డారు.