పదో వంతు తీశాక మిగిలిన తొమ్మిది



క్రైస్తవుల ఇళ్ళల్లో బియ్యం డబ్బా పక్కన చిన్న కుండ ఒకటి వుండటం మీలో కొందరైనా చూసే వుంటారు. పూటకి బియ్యం కొలుచుకోగానే, కడగక ముందే, అందులోంచి పిడికెడు తీసి ఆ కుండలో పోస్తాం. ఆదివారంనాడు అవి చర్చికి చేరతాయి. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారి కాలంలో, కూలినాలి చేసుకునే పల్లె సంఘాల్లో యీ పిడికెడు బియ్యమే పెద్ద కానుక. మిజోరంలోనూ 1910 నుంచి ఆడవాళ్ళు యిలాగే బియ్యం తీసిపెడుతున్నారు.

ఇందులో కిటుకల్లా వండకముందు తియ్యడంలోనే వుంది. తిన్నాక మిగిలింది ఇస్తే అది మిగులే గాని కానుక కాదు. కొందరు పురుగుపట్టిన బియ్యాన్ని ఆ కుండలోకి తోస్తారు. మలాకీ ప్రవక్త కాలంలోనూ కుంటి జీవాల్నీ, గుడ్డి జీవాల్నీ బలికి తెచ్చేవారట. వాటిని మీ అధికారికి ఇచ్చి చూడండి, పుచ్చుకుంటాడేమో అని ఆయన దెప్పిపొడిచాడు.

తెలుగు బైబిల్లో గృహనిర్వాహకుడు అనే మాట వుంది. ఇల్లు అతనిది కాదు, తాళాలు మాత్రం అతని దగ్గరుంటాయి. యజమాని అడిగిననాడు లెక్క అప్పజెప్పాలి. పూర్వం పెద్దకోడలి బొడ్లో వుండే తాళాలగుత్తి గుర్తు తెచ్చుకోండి, సరిగ్గా అదే. మాకున్నదంతా దేవుడిదని, మేం లెక్క చూసేవాళ్ళమేనని నమ్ముతాం. అందుకే రాబడిలో దశమభాగం తీస్తాం. ఆ పదో వంతు కోతలకు ముందు జీతంలోనా, చేతికొచ్చిన జీతంలోనా అని మావాళ్ళు గంటలకొద్దీ వాదించుకోగలరు! మిగిలిన తొమ్మిది వంతుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నేనూ ఎత్తలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక డిసెంబరులో, జీతం రాగానే చర్చి కవరు నింపేశాను. పండక్కి కొత్త కర్టెన్లు కొన్నాను. పనిమనిషి జీతం మాత్రం, పదో తారీఖున చూద్దాంలే అన్నాను. ఆవిడ మారుమాట్లాడలేదు. పదోతేదీన డబ్బు చేతిలో పెడితే, "అయిదో తారీఖున పిల్లాడి ఫీజుకి వడ్డీకి తెచ్చానమ్మగారూ, ముందది తీర్చేసి వస్తా" అంది. నూటికి పది రూపాయల వడ్డీ! నేను ఎంతో భక్తిగా దేవుడికిచ్చిన కవరుకి వడ్డీ కట్టింది ఆవిడన్నమాట. నా కర్టెన్లకి కూడా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కూలివాడి కూలి పొద్దుగూకే లోపల చేతిలో పెట్టాలని మోషే ధర్మశాస్త్రంలో స్పష్టంగా వుంది. చిన్నప్పట్నుంచీ విన్నదే. పుదీనాలోనూ, జీలకర్రలోనూ కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసేవాళ్ళని యేసు గట్టిగా మందలించాడు. అవీ మానకండి, ఇవీ చెయ్యండి అన్నాడు. మన పోపులపెట్టె దాకా వచ్చి చెప్పాడన్నమాట, అయినా నా చెవికెక్కలేదు.

అప్పట్నుంచీ జీతం వచ్చిన సాయంత్రమే ముందు పనావిడ డబ్బు, తర్వాత కిరాణా బాకీ, ఆ పైన దశమభాగం. ఇప్పుడు ఫోన్లోనే పంపేయొచ్చు గనక, చిల్లర లేదనే సాకు కూడా పోయింది.

మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. "తొలిభాగం దేవుడిదమ్మా, ఆయనకంటే ముందు కూలేమిటి?" అన్నారు. "అది మన డబ్బు కాదుగా అత్తయ్యగారూ, ఆవిడ కష్టం మన దగ్గరుంది. పరాయి సొమ్ము తీసేశాక గదా మన పదో వంతు లెక్క" అన్నాను. ఆవిడేం మాట్లాడలేదు. మర్నెల ఒకటో తారీఖున కవరు అందిస్తూ, "పనావిడకి ఇచ్చేశావా?" అని అడిగారు.