మూలిగే ఫ్యాను... మొరాయించే మిక్సీ: జబ్బు ఎక్కడుంది?

గుంటూరు, తెనాలి ప్రాంతాల్లో ఎండలు ముదిరేసరికి మోటారు వైండింగు షాపుల్లో రెక్కలు ఊడదీసిన ఫ్యాన్లు పోగుపడతాయి. ఆవకాయ పనులూ అదే రోజుల్లో. రోట్లో దంచే ఓపిక లేక ఆవాలు, మెంతులు మిక్సీలో వేస్తారు. ఫ్యాను రాత్రింబగళ్లు ఆగదు. ఫ్రిజ్‌కు తీరిక ఉండదు. కూలరు రోజంతా నీళ్లలో నానుతూ తిరుగుతుంది. ఏడాది పొడవునా సరిగ్గా పనిచేసిన వస్తువులు సరిగ్గా వేసవిలో మొరాయించేది ఇందుకే.

అప్పుడు మెకానిక్కు దొరకడం కష్టం. దొరికినా ‘కాయిలు కాలిపోయింది, మళ్లీ చుట్టాలి’ అంటే ఔనో కాదో ఇంటివారికి తెలియదు. వంద రూపాయల సామానుతో పోయే జబ్బుకు వెయ్యి రూపాయలు పెట్టవలసి వస్తుంది. లేదా మంచి వస్తువే పాత సామాన్లవాడి బండి ఎక్కుతుంది. చెడిపోయిన వస్తువు మోతతోనో, వాసనతోనో, వేడితోనో తన జబ్బేమిటో చెబుతూనే ఉంటుంది. విప్పకుండానే ఆ గుర్తులు పోల్చుకోగలిగితే డబ్బు మిగులుతుంది. వాటిలో ఒక గుర్తును అశ్రద్ధ చేస్తే మాత్రం ప్రాణానికే ముప్పు.

ముందు గోడ... తర్వాతే వస్తువు

వస్తువు పనిచేయకపోతే మొదట అనుమానించవలసింది ప్లగ్గు సాకెట్టును. చెడిందనుకున్న వస్తువును వేరే గదిలో, వేరే సాకెట్టులో పెట్టి చూడాలి. అక్కడ పనిచేస్తే వస్తువు మంచిదే. తప్పు గోడలో ఉంది. సాకెట్టు వేడెక్కినా, నల్లబడినా, ప్లగ్గు వదులుగా కదులుతున్నా లోపల వైరు బిగువు సడలిందన్న మాట. అది మార్చకుండా ఎంత మంచి వస్తువు కొన్నా మళ్లీ అదే గొడవ.

సాకెట్టు తర్వాత ప్లగ్గు, ప్లగ్గు తర్వాత తీగ. ఇస్త్రీ పెట్టె చల్లబడిందంటే చాలాసార్లు తెగింది తీగే. పెట్టెలోకి తీగ దూరే చోట రోజూ మెలికలు పడి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు తెగిపోతాయి. తీగ ఒక పక్కకు ఉన్నప్పుడు దీపం వెలిగి, ఇంకో పక్కకు తిరిగినప్పుడు ఆరిపోతుంటే జబ్బు అక్కడే. తీగ మారిస్తే సరిపోతుంది. అలా కాక పెట్టె మితిమీరి వేడెక్కి బట్టలు కాలుస్తుంటే వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పట్టేసినట్టు. దానిని మార్చేదాకా ఆ పెట్టెను వాడకూడదు.

ఫ్యాను ఎందుకు మూలుగుతుంది?

మామూలు సీలింగు ఫ్యానులో రెండు కాయిళ్లుంటాయి. ఒకటి నడిపేది, రెండవది కదిలించేది. ఆ రెండవ కాయిలుకు కరెంటును కాస్త తేడాతో అందించేది కెపాసిటరు. పైన గిన్నె కింద దాగి ఉండే చిన్న డబ్బా ఇది. సాధారణంగా దాని మీద 2.25 లేదా 2.5 మైక్రోఫారడ్లు అని రాసి ఉంటుంది.

స్విచ్చి వేస్తే ఫ్యాను మూలుగుతూ కదలకుండా ఉండి, పొడి కర్రతో రెక్కను మెల్లగా తోస్తే తిరగడం మొదలుపెట్టిందా, కెపాసిటరు పోయినట్టే. ఏ నంబరులో పెట్టినా ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే కెపాసిటరు బలం తగ్గిందనుకోవచ్చు. దాని ఖరీదు సాధారణంగా వంద రూపాయల లోపే. కొత్తది పాతదాని మీద రాసి ఉన్న కొలతకే సరిపోవాలి. ‘పెద్దది వేస్తే గాలి ఎక్కువ’ అన్న మాట నమ్మి పెద్ద కెపాసిటరు వేయిస్తే కాయిలు వేడెక్కి అసలుకే మోసం వస్తుంది.

కరెంటు ఆపి రెక్కను చేత్తో తిప్పినప్పుడు గట్టిగా పట్టేస్తుంటే, లేదా తిరుగుతూ కిరకిరలాడుతుంటే బేరింగులు అరిగాయి. కాలిన వార్నీషు వాసన కొడితే మాత్రం నిజంగానే కాయిలు పోయినట్టు. ఫ్యాను ఊగుతుంటే రెక్క వంగిందో, మర వదులైందో చూడాలి. దానితోపాటు పైన కొక్కానికి పట్టి ఉండే బోల్టు, దాని పిన్ను కూడా చూడాలి. ఫ్యాను ఊడిపడకుండా పట్టి ఉంచేది ఆ చిన్న పిన్నే.

ఈ మధ్య వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ల సంగతి వేరు. పాత ఫ్యాను 75 వాట్ల దాకా తాగితే ఇవి 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటాయి. వీటిని నడిపేది ఎలక్ట్రానిక్ బోర్డు. అది పోతే కెపాసిటరు మార్చి బాగుచేసే వీలు లేదు, బోర్డే మార్చాలి. కొనేటప్పుడే గ్యారంటీ కాగితం భద్రం చేసుకోవాలి.

మిక్సీ: ఎర్ర బటను మరవొద్దు

దోసెల పిండి రుబ్బుతుండగా మిక్సీ ఠక్కున ఆగిపోతే చాలామంది కాలిపోయిందనే అనుకుంటారు. మోటారుకు బరువెక్కువైతే కాలకుండా ఆపేసే ఏర్పాటు మిక్సీలోనే ఉంది. అడుగున ఉండే చిన్న ఎర్ర బటను అదే. ప్లగ్గు తీసి, కాసేపు చల్లారనిచ్చి, ఆ బటను నొక్కి, జారులో సగం తీసేసి మళ్లీ వేస్తే ఎక్కువసార్లు తిరుగుతుంది. మాటిమాటికీ బటను ఎగురుతుంటే మిక్సీకి శక్తికి మించిన పని పెడుతున్నారనో, జారు పట్టేస్తోందనో అర్థం.

మోటారు మోత వస్తున్నా బ్లేడు తిరగకపోతే, జారుకూ మోటారుకూ మధ్య ఉండే కప్లరు పళ్లు అరిగాయి. జారును బోర్లించి కప్లరును చేత్తో తిప్పితే కదలకపోతే బ్లేడు బుష్షులో పిండి, తుప్పు పట్టేశాయి. ఈ రెండింటికీ మోటారుతో సంబంధం లేదు.

మిక్సీ మోటారులో కరెంటును లోపలికి అందించేవి రెండు కార్బన్ బ్రష్షులు. సన్నని మెరుపులు సహజం. పెద్ద నిప్పురవ్వలు, ఆగి ఆగి తిరగడం కనిపిస్తే బ్రష్షులు అరిగాయి. రెండూ కలిపే మార్చాలి. అశ్రద్ధ చేస్తే అవి ఒరుసుకునే రాగి చక్రం పాడై, చిన్న ఖర్చు పెద్దదవుతుంది. ఆవపిండి, కారం వంటి పొడులు కొద్దికొద్దిగా వేసి, మధ్యమధ్య ఆపుతూ పట్టుకోవడం మేలు.

‘గ్యాసు అయిపోయింది’ అంటే?

ఫ్రిజ్ నడుస్తున్నా చల్లదనం లేకపోతే వెంటనే వినిపించే మాట ఇది. ఫ్రిజ్‌లో గ్యాసు వంటగ్యాసులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టు. కారే చోటు పట్టుకోకుండా గ్యాసు నింపితే ఆ డబ్బు కూడా గాలిలోనే కలుస్తుంది. చాలా కొత్త ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఏ గ్యాసు మంట అంటుకునే రకం. శిక్షణ లేనివారి చేతికి దానిని అప్పగించకూడదు.

గ్యాసు మాట నమ్మే ముందు మూడు సంగతులు చూడాలి. తలుపు రబ్బరులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే సులువుగా వచ్చేస్తుంటే రబ్బరు పట్టు పోయింది. వెనక గొట్టాలున్న ఫ్రిజ్ అయితే వాటి మీద దుమ్ము పేరుకుందేమో చూడాలి. ఫ్రీజరులో మంచు గడ్డకట్టినా చల్లదనం కిందికి దిగదు. ఆ మంచును కత్తితో పొడవడం వల్ల గొట్టానికి చిల్లుపడి పోయిన ఫ్రిజ్‌లు కొల్లలు. స్విచ్చి ఆపి, తలుపు తెరిచి, దానంతట అది కరిగేదాకా ఆగాలి.

కొన్ని నిమిషాలకోసారి ‘టిక్కు’మని శబ్దం వచ్చి కంప్రెసరు కదలకపోతే వోల్టేజి తక్కువైనా అయ్యుండాలి, కంప్రెసరు పక్కనుండే రిలే అయినా పోయుండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మూడు నాలుగు నిమిషాలాగి ఫ్రిజ్ వేయాలి.

జిల్లుమంటే ఆపెయ్యండి

అశ్రద్ధ చేయకూడని గుర్తు ఇదే. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే, కూలరు డబ్బా తగిలితే, గీజరు నీళ్లలో చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటుంది. చెప్పులేసుకుంటే తగ్గుతుందని, ‘కొద్దిగా కొడుతోందిలే’ అని సరిపెట్టుకుంటారు. కరెంటు తీగలోంచి డబ్బాకు దారి చేసుకుందని దాని అర్థం. నేడు జిల్లుమన్నది, రేపు నేల తడిగా ఉన్నప్పుడు మనిషిని వదలదు.

ఇలాంటప్పుడు కాపాడవలసింది ఎర్తు తీగ. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను దానిదే. మిగతా రెండింటికంటే ముందు అది తగలాలనే పొడుగ్గా చేశారు. సాకెట్టులో పట్టలేదని ఆ పిన్ను విరిచేయడం, రెండు పిన్నుల ప్లగ్గు తగిలించడం ప్రాణంతో చెలగాటం. పిన్ను ఉన్నా ఎర్తు గుంట పనిచేస్తుండాలి. బొగ్గు, ఉప్పు వేసిన పాత గుంటలు వేసవిలో ఎండిపోతాయి. తడి లేని మట్టి కరెంటును సరిగా లాగదు. అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి.

బోర్డులో ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. బరువెక్కువైనా, తీగలు కలిసిపోయినా అది పడిపోతుంది. మనిషి ఒంట్లోంచి పారే కొద్దిపాటి కరెంటును అది గుర్తించదు. ఆ పని చేసేది 30 మిల్లీయాంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ. దాని మీద ‘టి’ అని ఉండే బటను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. పడకపోతే మార్పించాలి. అది మాటిమాటికీ పడుతోందని తీసేయించడం పెద్ద పొరపాటు. ఏదో వస్తువులో కరెంటు కారుతోందని అది హెచ్చరిస్తోంది. ఒక్కో ప్లగ్గూ తీసి చూస్తే దొంగ దొరుకుతాడు.

కూలరులో నీళ్లు పోసేముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు కూడా తీయాలి. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగకూడదు. ముందు మెయిను ఆపాలి. వీలుకాకపోతే ఎండు కర్రతో తప్పించాలి.

వీధి స్తంభం దగ్గర తప్పు

ఒక్కోసారి జబ్బు ఇంట్లోనే ఉండదు. ఒక ఇంట్లో దీపాలు కళ్లు చెదిరేలా వెలిగి, పక్కింట్లో మసకబారితే స్తంభం దగ్గర న్యూట్రలు తెగిందో, వదులైందో అనుకోవాలి. అప్పుడు 230 వోల్టులు రావలసిన ఇంటికి 300కు పైగా రావచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు వీధి మొత్తం మీద ఒకేసారి కాలేది ఇలాగే. వెంటనే మెయిను ఆపి 1912కు ఫోను చేయాలి.

ఎక్కడ ఆగాలి?

తీగ, ప్లగ్గు, కప్లరు, తలుపు రబ్బరు వంటివి కాస్త నేర్పున్న వారెవరైనా ప్లగ్గు తీసేసి చూసుకోవచ్చు. మైక్రోవేవ్ పొయ్యిని మాత్రం ఇంట్లో విప్పకూడదు. ప్లగ్గు తీశాక కూడా దాని కెపాసిటరులో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. గీజరు, ఫ్రిజ్ గ్యాసు పనులు కూడా తెలిసినవారికే వదలాలి.

మెకానిక్కును పిలిచినప్పుడు ‘పనిచేయడం లేదు’ అని ఊరుకోకుండా, ఎప్పుడు ఆగింది, ఏ శబ్దం వచ్చింది, ఏ వాసన వచ్చింది చెప్పాలి. మార్చిన పాత సామాను తిరిగి అడగాలి. రసీదు తీసుకోవాలి. వస్తువులను బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ప్రత్యేక పోర్టల్ ప్రారంభించింది. కంపెనీల సేవా కేంద్రాల వివరాలు అందులో చూసుకోవచ్చు. అన్యాయం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు చెప్పుకోవచ్చు.