కళాపూర్ణోదయ కథాక్రమము - పాఠకుని ప్రతిస్పందనము

పూర్వజన్మ వృత్తాంతములు మన సాహిత్యమునకు క్రొత్తవి కావు. శాపమో వరమో కారణముగా ఒక జన్మము మఱియొక జన్మమునకు దారితీయుట పురాణములందు సర్వసామాన్యము. అయితే అచ్చట వక్త తఱచుగా కారణమును ముందు చెప్పి పిదప కార్యమును వివరించును. శ్రోతకు విడదీయవలసిన చిక్కు మిగులదు. ఈ క్రమమును తలక్రిందులు చేసి, కార్యమును ముందు చూపి కారణమును దాచి, పాఠకుని కుతూహలమును చాల దూరము నడిపించిన తెలుగు ప్రబంధము పింగళి సూరన కళాపూర్ణోదయము. పదునాఱవ శతాబ్దమునాటి ఈ ఎనిమిదాశ్వాసముల కావ్యమును చదువువారి ప్రతిస్పందనము రెండు విధములుగా నుండును. కథ చిక్కులతో నిండి బోధపడదనువారు కొందఱు. ఆ చిక్కులే కావ్యమునకు ప్రాణమనువారు కొందఱు. ఈ భేదమునకు కారణమేమి? ఈ కావ్యమును విద్యార్థులకు ఏ విధముగా బోధింపవలెను? ఈ రెండు ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

కథ ద్వారకలో నారంభమగును. ఉద్యానమున నున్న కలభాషిణి ఆకాశమున విమానముపై బోవు రంభానలకూబరులను చూచి నలకూబరునిపై మనసు నిలుపును. నారదుడును, శిష్యుడు మణికంధరుడును అదే సమయమున రంగమున ప్రవేశింతురు. ఇది మొదలు పాత్రలన్నియు ప్రయాణములోనే యుండును. మణికంధరుడు తీర్థయాత్ర చేసి తపమున నిలుచును. సింహవాహనుడైన మణిస్తంభుడను సిద్ధుడు కలభాషిణిని మృగేంద్రవాహన యాలయమునకు గొనిపోవును. మఱియొక కథ కాశ్మీరమునందలి శారదాపీఠమున నడచును. ఈ సంచారము వర్ణనలకై కల్పించిన సాకు మాత్రము కాదు. ఒక్కొక్క చోట ఒక్కొక్క వ్యక్తి తనకు తెలిసిన తునుకను మాత్రమే చెప్పును. ఆ తునుకలను కూర్చుకొను భారము పాఠకునిదే.

పాత్రల మనోవ్యాపారమును చూపుటలో సూరన నేర్పునకు రెండు ఘట్టములు చాలును. తనతో నున్న రంభ నోట నలకూబరుని పేరు వినబడగా, మణికంధరుడు ఆ నలకూబరుని రూపమునే ధరించును. నలకూబరుని కోరిన కలభాషిణి రంభ రూపమును ధరించును. మాయారంభకు మాయానలకూబరునితో సమాగమము కలుగును. తాము పొందినది మఱియొకరికి చెందిన ప్రేమయని ఆ క్షణమున నిరువురును ఎఱుగరు. రెండవది శాలీనసుగాత్రుల కథ. ఆభరణములతో నలంకరించుకొని వచ్చిన భార్యను చూచి ముడుచుకొనిపోయిన శాలీనుడు, ఆమె నగలను విడిచి తోటపనిలో తనకు తోడుపడినపుడు అనురక్తుడగును. ఇట్టి మనఃపరిశీలనము మన ప్రబంధములలో అరుదు. ఈ దంపతులకును మణిస్తంభ సుముఖాసత్తులకును గల సంబంధము తెలిసిన పిదప పాఠకుడు వెనుకటి పుటలను మరల తిప్పక మానడు.

కావ్యమున పతాకస్థాయి మధురలాలస వృత్తాంతము. ఇంకను శిశువైన మధురలాలస పూర్వజన్మ కథను చెప్ప నారంభించును. వినువారు విస్మితులగుదురు. ఆ శ్రోతలు ఒక విధముగా పాఠకుని ప్రతినిధులు. తాము వినుచున్నది తమ కథయే యని వారికి క్రమక్రమముగా తెలియును. సంస్కృతమున బాణుని కాదంబరిలో నిట్టి యమరిక గలదు. శూద్రకుని కొలువునకు వచ్చిన చిలుక చెప్పిన కథ కడకు శూద్రకుని పూర్వజన్మ కథయే యగును. సూరన యీ మార్గమున మఱింత దూరము నడచి, పెక్కు పాత్రల జన్మములను ఒకే ముడిలో బిగించెను.

ఈ నిర్మాణమునకు ఆధునికులు చూపిన స్పందనము గమనింపదగినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారమున సూరన కావ్యములను అలంకారసంఖ్యతో గాక, కథానిర్మాణము, భావనాశక్తి, పాత్రపోషణము అను కొలతలతో పరిశీలించిరి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు 2002లో దీని నాంగ్లమున ప్రకటించి, ఇందు నవలా లక్షణములు గలవని ప్రతిపాదించిరి. కాలము మాఱినను ఇరుపక్షములును ఆకర్షింపబడినది కథను నడపిన తీరుచేతనే యని చెప్పవచ్చును.

జన్మాంతరములను నమ్మనివాడు ఈ కావ్యము నెట్లు ఆస్వాదించునను శంక కలుగవచ్చును. ఇందు పునర్జన్మము విశ్వాసవిషయముగా కంటె జ్ఞాపకమునకు రూపముగా ఎక్కువగా పనిచేయుచున్నది. పాత్ర తన వెనుకటి జన్మమును మఱచినట్లే, పాఠకుడు తాను చదివిన వెనుకటి సూచనను మఱచును. పాత్రకు స్మృతి కలిగినపుడు పాఠకునకును కలుగును. రాఘవపాండవీయమున ఒకే పద్యమునకు రెండర్థములను కూర్చిన కవి, ఇచ్చట ఒకే వ్యక్తికి రెండు జీవితములను కూర్చెను. అచ్చట శ్లేష శబ్దమున నున్నది. ఇచ్చట జీవితమున నున్నది.

దీనినిబట్టి బోధనావిషయమున ఒక నిర్ణయమునకు రావచ్చును. కథాసంగ్రహమును కాలక్రమమున సరిదిద్ది, ఎవరు పూర్వజన్మమున ఎవరో ముందే చెప్పి, ఆపై పద్యములకు ప్రతిపదార్థము చెప్పుట మన తరగతులలో సుకరమైన పద్ధతి. పరీక్షకది ఉపకరించును, కావ్యానుభవమునకు మాత్రము అపకారము చేయును. కవి దాచినదానిని గురువు మొదటి దినముననే బయటపెట్టినచో, విద్యార్థికి మిగులునది చిక్కు కథ మాత్రమే. కథ బోధపడదను ఫిర్యాదునకు ఈ పద్ధతియు కొంత కారణము.

భాషాకాఠిన్యమును తొలగించుటకు ప్రతి యాశ్వాసమునకును భావసంగ్రహము నీయవచ్చును. రహస్యమును మాత్రము కవి చెప్పిన చోటనే చెప్పనీయవలెను. ఒక్కొక్క యాశ్వాసము ముగియగానే తెలిసినదేదో, తెలియనిదేదో విద్యార్థిచేత వ్రాయించినచో, కడపట ఆ పత్రములే అతని పఠనచరిత్ర యగును. కాలక్రమ పట్టికను అప్పుడు వేయించుట యుక్తము. అట్లు చదివిన విద్యార్థి రెండవమాఱు ద్వారకలోని మొదటి ఘట్టమును చదువునపుడు, అది తాను చదివిన కావ్యమే యైనను క్రొత్త కావ్యముగా తోచును. సూరన తన పాఠకుని నుండి కోరినది ఈ పునఃపఠనమునే.