పాత వస్తువులు ఎక్కడ కొనాలి? కొనేముందు ఏం చూడాలి?



జూన్ వచ్చిందంటే ఫీజుతో పాటు పుస్తకాలు, సైకిలు, స్టడీ టేబులు, లాప్‌టాప్ ఖర్చులన్నీ ఒకేసారి మీద పడతాయి. వీటిలో చాలావరకు సెకండ్ హ్యాండ్‌లో ధైర్యంగా కొనుక్కోవచ్చు. కొన్ని మాత్రం కొత్తవే కొనాలి.

మొదట మన ఊళ్లో అడగండి

మంగంపేటలో ముగ్గురాయి గనులను, మిల్లులను నమ్ముకుని బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యోగం మారి ఊరు వదిలేవాళ్లు టేబులు, కుర్చీ, అలమర తక్కువ ధరకే ఇచ్చేస్తుంటారు. మీ పిల్లల కంటే ఒక క్లాసు పైన చదివేవాళ్ల ఇళ్లలో పోయినేడాది పుస్తకాలు, చిన్నదైపోయిన సైకిలు ఉంటాయి. తెలిసినవాళ్ల దగ్గర కొంటే ఆ వస్తువును ఎలా వాడారో తెలుస్తుంది. తేడా వస్తే వెళ్లి అడగొచ్చు.

సైకిలు కొనేముందు మెకానిక్‌కు చూపించండి. లారీలు తిరిగే రోడ్ల మీద వెళ్లే పిల్లలకు బ్రేకులు బాగా పడాలి. హెల్మెట్ మాత్రం పాతది వద్దు. గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ కూడా పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర మాత్రం నలిగి ఉంటుంది. కొత్తదే తీసుకోండి.

పుస్తకాలు: ఎడిషన్ చూడండి

డిక్షనరీ, రెన్ అండ్ మార్టిన్ గ్రామర్, హెచ్.సి. వర్మ ఫిజిక్స్ లాంటివి పాతవైనా పనికొస్తాయి. పాఠ్యపుస్తకాల సంగతి వేరు. ఎన్‌సీఈఆర్‌టీ 2024-25లో 3, 6 తరగతులకు, 2025-26లో 4, 5, 7, 8 తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. 6వ తరగతి ఇంగ్లీషులో ‘హనీసకిల్’ స్థానంలో ‘పూర్వి’ వచ్చింది. పాతది కొంటే ఒక్క పాఠమూ కలవదు. జేఈఈ మెయిన్, నీట్ సిలబస్ 2024 పరీక్షల నుంచి తగ్గింది. అంతకు ముందు మెటీరియల్ కొంటే తీసేసిన చాప్టర్లకు పిల్లల టైం పోతుంది. జవాబులు రాసేసిన వర్క్‌బుక్ అసలు కొనవద్దు.

పెద్ద ఊళ్లకు పని మీద వెళ్తే విజయవాడ లెనిన్ సెంటర్, హైదరాబాద్ కోఠి చూడండి. ఆదివారమైతే హైదరాబాద్‌లోనే ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది. చెన్నై వెళ్తే సెంట్రల్ స్టేషన్ దగ్గర మూర్ మార్కెట్ ఉంది. 1985లో పాత భవనం కాలిపోయాక షాపులు దగ్గర్లోని కాంప్లెక్సుకు మారాయి. ఒక్క పాఠ్యపుస్తకం కోసమే అంత దూరం వెళ్లకండి. ఛార్జీలకే అంతకంటే ఎక్కువవుతుంది.

ఫోన్, లాప్‌టాప్

పాత ఫోన్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దాన్ని కేంద్ర ప్రభుత్వ ‘సంచార్ సాథీ’లో చెక్ చేయండి. బ్లాక్‌లిస్టు అనో, డూప్లికేట్ అనో చూపిస్తే అది ఎంత చవకైనా వదిలేయండి. పాత ఓనరు తన అకౌంటు తీసేసి, ఫోన్ రీసెట్ చేసి ఇచ్చాకే డబ్బులివ్వండి. లాప్‌టాప్ అయితే విండోస్ 11 నడుస్తుందా అని అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఛార్జర్ తీసేసి అరగంట వాడి చూస్తే బ్యాటరీ సంగతి తెలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో కొన్నా, అమ్మినా

వస్తువు కళ్లతో చూడకుండా అడ్వాన్సు పంపకండి. మీరు అమ్ముతున్నప్పుడు ‘డబ్బులు పంపుతాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే అది మోసమే. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చివరగా ఒక మాట. ‘డబ్బుల్లేక పాతది కొన్నాం’ అని పిల్లల ముందు అనకండి. ఆ మాట విన్న పిల్లలు క్లాసులో పుస్తకం బయటికి తీయడానికే సిగ్గుపడతారు. వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని కొత్త అట్ట వేయించండి, లేబుల్ మీద పేరు రాయించండి. పుస్తకం కొత్తదా పాతదా అని టీచర్లం చూడం. ఆ రోజు పాఠం అందులో ఉందా, పిల్లలు చదివారా అన్నదే చూస్తాం.