సొంత ఇంటి రెండు భారాలు

నివాసం అనే అర్థంలో ఉర్దూలో వాడే ‘మస్కన్’, ప్రశాంతత అనే అర్థంలో వాడే ‘సుకూన్’ — ఈ రెండు పదాలూ ఒకే అరబీ ధాతువు నుండి పుట్టినవి. దివ్యఖుర్ఆన్ అన్‌నహ్ల్ సూరా 80వ ఆయత్‌లో ఇళ్ళు విశ్రాంతి నిలయాలు కావటాన్ని దైవానుగ్రహాలలో ఒకటిగా పేర్కొన్నది. కాబట్టి మనశ్శాంతిని హరించే ఇల్లు ఎంత సొంతమైనా తన పేరుకు తగినది కాదు.

నేడు తొలిసారి ఇల్లు కొనుక్కునే చిరుద్యోగి, చిన్న వ్యాపారి రెండు భారాలను తలకెత్తుకుంటున్నారు. ఒకటి వడ్డీ. రెండవది ఎండ. మొదటిది బ్యాంకు పత్రాలలో కనిపిస్తుంది. రెండవది ఏ పత్రంలోనూ కనిపించదు. తొలి వేసవిలో కరెంటు బిల్లు వచ్చినప్పుడే తెలుస్తుంది.

వడ్డీ లెక్క

20 లక్షల రూపాయల రుణాన్ని నూటికి సాలీనా 9 వడ్డీతో 20 ఏళ్ళలో తీర్చాలనుకుందాం. నెలసరి వాయిదా సుమారు 18 వేలు. మొదటి నెల వాయిదాలో 15 వేలు వడ్డీకే పోతాయి. అసలులో తరిగేది దాదాపు 3 వేలు మాత్రమే. గడువు ముగిసేసరికి చెల్లించిన మొత్తం 43 లక్షలు దాటుతుంది. అనగా తీసుకున్న అసలు కంటే వడ్డీయే అధికం.

ఇది కేవలం జేబుకు సంబంధించిన విషయం కాదు. వడ్డీ తినేవానితో పాటు దానిని చెల్లించేవానిని, ఆ పత్రం వ్రాసేవానిని, సాక్షులను కూడా మహాప్రవక్త (సఅసం) శపించారని హదీసు తెలుపుతున్నది. అందువల్లనే ఎన్నో కుటుంబాలు స్తోమత ఉండి కూడా అద్దె ఇళ్ళలోనే జీవితం గడుపుతున్నాయి. 1999లో ఐరోపా ఫత్వా మండలి, అక్కడి ముస్లిములకు వేరే మార్గం లేనప్పుడు, కుటుంబం నివసించే ఇంటి కొరకు మాత్రమే, కొన్ని షరతులతో బ్యాంకు రుణానికి వెసులుబాటు ఇచ్చింది. పలువురు విద్వాంసులు దానిని అంగీకరించలేదు. కాబట్టి ఈ విషయంలో ఎవరి పరిస్థితిని వారు నమ్మకమైన ఆలిముకు వివరించి తెలుసుకోవటమే క్షేమం.

తరిగే భాగస్వామ్యం

వడ్డీకి బదులుగా ఫిఖహ్ పండితులు సూచించిన మార్గాలలో ముఖ్యమైనది ‘ముషారకా ముతనాఖిసా’, అనగా క్రమంగా తరిగే భాగస్వామ్యం. ఇల్లు ధర 25 లక్షలు అనుకుందాం. కొనేవాడు 5 లక్షలు, పెట్టుబడిదారుడు 20 లక్షలు పెడతారు. ఇంటిని 25 వాటాలుగా భావిస్తే కొనేవానివి 5, పెట్టుబడిదారునివి 20. ఇంటికి న్యాయమైన అద్దె నెలకు 10 వేలు అయితే ఒక్కొక్క వాటా అద్దె 400 రూపాయలు. అందులో నివసించే కొనుగోలుదారుడు ఎదుటివాని 20 వాటాలకు 8 వేలు అద్దె చెల్లిస్తాడు. మరో 5 వాటాలు కొన్న తరువాత అద్దె 6 వేలకు దిగుతుంది. చివరి వాటా కొన్ననాడు అద్దె ఆగిపోతుంది. ఇల్లు పూర్తిగా అతనిదవుతుంది.

ఇది పేరు మార్చిన వడ్డీ కాదా అని కొందరు ప్రశ్నిస్తారు. తేడా బాధ్యతలో ఉన్నది. ఇల్లు అగ్నికి ఆహుతైతే అప్పిచ్చిన బ్యాంకు తన అసలునూ వడ్డీనీ కోరుతుంది. భాగస్వామి మాత్రం తన వాటా మేరకు నష్టాన్ని తానే భరించాలి. ఆ బాధ్యతను ఒప్పుకోని ఒప్పందానికి ఏ అరబీ పేరు పెట్టినా ప్రయోజనం లేదు. అద్దె ఒప్పందం, వాటాల అమ్మకం వేర్వేరుగా ఉండాలన్నది కూడా పండితుల షరతు.

మన దేశంలో బ్యాంకులు ఈ పని ఎందుకు చేయవు? 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం బ్యాంకులను సరుకుల వ్యాపారం చేయనివ్వదు. సొంత వాడకానికి కాని స్థిరాస్తిని దీర్ఘకాలం ఉంచుకోనివ్వదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగును సిఫారసు చేసినా, 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. ఇక మిగిలినది అన్నదమ్ములు, బంధువులు, నమ్మకస్తులైన మిత్రుల మధ్య జరిగే భాగస్వామ్యం, ఖర్జె హసన, లేదా ధరను ముందే ఖాయం చేసుకొని, ఆలస్యానికి వడ్డీ లేకుండా యజమానికి వాయిదాలలో చెల్లించటం. స్థలం కొని మొదట ఒక గది, వంటిల్లు వేసుకొని, చేతిలో డబ్బు చేరినకొద్దీ పెంచుకోవటం మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ పాత పద్ధతే.

అయినవారి మధ్య లావాదేవీ కదా అని నోటిమాటతో సరిపెట్టటం పెద్ద పొరపాటు. అల్‌బఖరా సూరా 282వ ఆయత్, ఖుర్ఆన్‌లోకెల్లా పెద్ద ఆయత్, రుణ వ్యవహారాలను వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఆదేశిస్తున్నది. వాటాలు, అద్దె, మరణం సంభవిస్తే వారసుల హక్కు — అన్నీ పత్రంలో ఉండాలి. ‘హలాల్ లాభం’ పేరుతో ఆశచూపే సంస్థలకు ఇంటి కొరకు దాచిన సొమ్ము అప్పగించి కుటుంబాలు నష్టపోయిన ఉదంతాలు మన కళ్ళముందే ఉన్నాయి.

ఫ్లాటు కొనేవారు ఈసీ తీయించి చూడాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టా కాదా తెలుసుకోవాలి. వ్రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదని ఆ చట్టం బిల్డరును నిర్బంధిస్తున్నది.

ఎండ లెక్క

ఇక రెండవ భారం. వేసవిలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు గనుక ఇంట్లోకి వచ్చే వేడిలో అధికభాగం పైకప్పు నుండే వస్తుంది. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని పీల్చుకొని రాత్రి గదిలోకి వదులుతుంది. అందుకే పై అంతస్తు వారికి అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టదు. చవకగా వచ్చేది తరచు ఆ పై అంతస్తు ఫ్లాటే.

ఉపాయం ఖరీదైనది కాదు. సున్నం గాని, ఎండను తిప్పికొట్టే తెల్లని పూత గాని, తెల్ల పెంకులు గాని కప్పుపై వేస్తే గది వేడి సుమారు 2 నుండి 5 డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ‘కూల్ రూఫ్’ విధానం ప్రకటించి, ప్రభుత్వ భవనాలకు, 600 చదరపు గజాలు ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు దీనిని తప్పనిసరి చేసింది. చిన్న ఇంటివారికి నిర్బంధం లేదు. అవసరం మాత్రం వారికే ఎక్కువ.

గోడల సంగతీ చూడాలి. తూర్పు, పడమర గోడలపై ఎండ ఏటవాలుగా పడుతుంది. సజ్జాలు దానిని ఆపలేవు. కనుక పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు ఉండి, ఎదురెదురు కిటికీలతో గాలి ఆడే ఇల్లు మేలు. లారీ బేకర్ కేరళలో ప్రచారం చేసిన రాట్‌ట్రాప్ కట్టుబడిలో గోడ మధ్య ఖాళీ ఉంటుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు ఆదా అవుతాయి, వేడీ తగ్గుతుంది. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ 1940లలో మట్టి ఇటుకలు, గుమ్మటాలు, ఆవరణలతో పేదల కొరకు న్యూగుర్నా గ్రామాన్ని నిర్మించాడు. ఇళ్ళు చల్లనివే అయినా, చాలామంది గ్రామస్తులు తమ పాత ఊరు వదలి అక్కడికి రావటానికి ఇష్టపడలేదు. నివసించేవారి జీవనాధారాన్ని, ఇష్టాన్ని పట్టించుకోని ఇల్లు ఎంత చక్కనిదైనా ఖాళీగానే ఉంటుందన్నది అందులోని పాఠం.

ఫాన్ల విషయమే తీసుకుందాం. పాత ఫాను సుమారు 75 వాట్లు వాడితే, నేటి బీఎల్‌డీసీ ఫాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. మూడు ఫాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 48 యూనిట్లకు పైగా మిగులుతుంది. కరెంటు బిల్లు కూడా ఒక వాయిదాయే. ఇంటి వాయిదా 20 ఏళ్ళకైనా ముగుస్తుంది, ఇది మాత్రం ముగియదు.

కొనేముందు

రెండు ఇళ్ళ మధ్య ఎంచుకునేటప్పుడు ధరలను మాత్రమే పోల్చరాదు. చౌక ఇంటిని చల్లబరచటానికి ఏటా ఎంత ఖర్చవుతుందో కూడా కలిపి చూడాలి. ఇంటిని వర్షాకాలపు సాయంత్రం చూసి రావటం చాలదు; వీలైతే మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళి, పై గదిలో కాసేపు కూర్చుని చూడాలి. పాత ఇల్లయితే వేసవి నెలల కరెంటు బిల్లులు అడిగి చూడాలి. ఫ్లాటు అయితే డాబాపై అందరికీ హక్కు ఉన్నదా, పూత వేయటానికి సంఘం ఒప్పుకుంటుందా అని విచారించాలి.

విశాలమైన ఇంటిని మహాప్రవక్త (సఅసం) మనిషి సౌభాగ్యాలలో ఒకటిగా పేర్కొన్నారు. ఆ విశాలత గదుల కొలతలోనే లేదు. ఇతరుల బాకీ తలచుకొని ఉలిక్కిపడకుండా, ఉక్కతో లేచి కూర్చోకుండా పిల్లలతో పాటు నిద్రపోగలిగిన రెండు గదులైనా విశాలమైనవే. అందుకు ఇంకో రెండేళ్ళు అద్దె ఇంట్లో ఓపిక పట్టవలసి వచ్చినా, ఆ ఓపిక వృథా కాదు.