ఆరో తరగతికి ఏ బడి?

ఐదో తరగతి పరీక్షలు ముగిశాయంటే మన ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. మహబూబ్‌నగర్, నిజామాబాద్, సంగారెడ్డి జిల్లాల చిన్న పట్టణాల్లో ఇది మరీ ఎక్కువ. మొహల్లాలో మస్జిదుకు దగ్గరగా ప్రభుత్వ ఉర్దూ మీడియం ప్రాథమికోన్నత పాఠశాల ఉంటుంది. బస్టాండు అవతల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంటుంది. రెండూ సర్కారు బడులే. రెంటిలోనూ ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం, మధ్యాహ్న భోజనం ఉంది. మరి అమ్మాయిని ఎక్కడ చేర్చాలి? అబ్బా ఒకటంటారు, దాదీమా ఇంకొకటంటారు, చాచా మూడోది చెబుతారు. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట నెగ్గుతుంది.

ఈ సందడిలో తల్లిని అడిగేవారు తక్కువ. బఖరా సూరా 233వ ఆయత్‌లో పసిబిడ్డ చేత పాలు మాన్పించే విషయం వస్తుంది. అది కూడా తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదించుకుని చేయవలసిన పనిగానే అక్కడ చెప్పబడింది. రెండేళ్ళ లోపు బిడ్డ పాల సంగతికే మష్వరా కావలసి ఉంటే, పదకొండేళ్ళ బిడ్డ చదువును తల్లికి తెలియకుండా తేల్చేయడం ఏం న్యాయం? పిల్లలు బడి నుంచి వచ్చి ముందుగా చెప్పుకునేది అమ్మీకే. ఏ లెక్క రాక ఏడ్చిందో, ఏ టీచరంటే ఇష్టమో ఆమెకు తెలిసినంతగా మగవారికి తెలియదు.

ఇస్తిఖారా చేసుకోండి, మంచిదే. కాని దానికి ముందు ఇద్దరూ కలిసి రెండు బడులకూ వెళ్ళి రండి. సెలవుల్లో కాదు, పాఠాలు జరుగుతున్న రోజున.

ఉర్దూ బడి వైపు మనసు లాగడం సహజం. ఇంటికి దగ్గర. టీచర్లు మనవారే. రంజాన్ నెలలో మధ్యాహ్నానికే వదిలేస్తారు. ఇంట్లో మాట్లాడే భాషలోనే పాఠం. ఐదేళ్ళు ఉర్దూలో చదివిన పిల్లకు ఆ భాషలోనే లెక్కలు, సైన్సు సులువుగా ఎక్కుతాయి, సందేహం లేదు. మదర్సాలో చదువుకున్నవాణ్ణి, ఉర్దూ మీద ప్రేమ నాకు మరొకరు నేర్పనక్కరలేదు. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. వైద్య విద్యకు రాసే నీట్ పరీక్షను 2018 నుంచి ఉర్దూలోనూ రాయవచ్చు. కనుక ఉర్దూలో చదివితే దారులు మూసుకుపోతాయన్న మాట సరికాదు.

అయితే ఆ బడిలో ఏడో తరగతి తర్వాత ఏముంది? నన్నడిగితే అన్నిటికన్నా ముందు వేయవలసిన ప్రశ్న ఇదే. మనవాళ్ళు చాలామంది వేయని ప్రశ్న కూడా ఇదే.

ప్రాథమికోన్నత పాఠశాల చాలాచోట్ల ఏడుతో ఆగిపోతుంది. ఎనిమిదికి ఉర్దూ మీడియం ఉన్నత పాఠశాల అదే పట్టణంలో ఉంటే సరే. లేకపోతే? జిల్లా కేంద్రానికి బస్సులో వెళ్ళాలి. అబ్బాయి వెళతాడు. అమ్మాయికి అప్పటికి పదమూడేళ్ళు నిండుతాయి. ‘ఇక చాల్లే, ఖుర్ఆన్ చదవడం వచ్చింది, కుట్టుపని నేర్చుకుంటుంది’ అంటారు. ఆ పిల్లను ఎవరూ బడి మాన్పించినట్టు కనబడదు. బడే అయిపోయినట్టు కనబడుతుంది. కాని ఆ నిర్ణయం రెండేళ్ళ ముందు, ఆరో తరగతిలో చేర్పించిన రోజునే జరిగిపోయింది.

రెండో దారి, ఎనిమిదిలో మీడియం మార్చడం. ఇదీ తేలిక కాదు. ఏడేళ్ళు ‘ముసల్లస్’ అని చదివిన పిల్ల ఒక్కసారిగా ‘ట్రయాంగిల్’ అనాలి. భిన్నంలో ‘నసబ్‌నుమా’ ఏదో బాగా తెలిసిన పిల్ల ‘డినామినేటర్’ అనగానే దిక్కులు చూస్తుంది. ‘జియాయీ తాలీఫ్’ అంటే ఆకు ఎండలో ఆహారం తయారుచేసుకోవడం అని చక్కగా చెప్పగల పిల్ల ‘ఫోటోసింథసిస్’ దగ్గర మూగదవుతుంది. తెలివి తగ్గలేదు, మాట మారింది. పదో తరగతి రెండేళ్ళ దూరంలో ఉండగా ఈ మార్పు చేయడం కన్నా, మార్చక తప్పదనుకుంటే ఆరులోనే మార్చడం మేలు. ఐదేళ్ళు చేతిలో ఉంటాయి. తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం 2022-23 నుంచి మొదలైంది. దానితోపాటు రెండు భాషల్లో అచ్చయిన పాఠ్యపుస్తకాలూ వచ్చాయి.

ఉర్దూ ఉన్నత పాఠశాల అందుబాటులో ఉండి, అక్కడ పాఠం చెప్పేవారు ఉంటే మాత్రం మార్చనక్కరలేదు. ‘పాఠం చెప్పేవారు ఉంటే’ అన్న మాట గమనించండి. ఉర్దూ మీడియంలో లెక్కలు, సైన్సు పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండటానికి ఒక కారణం రోస్టరు. కొన్ని పోస్టులు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కేటాయించబడతాయి. ఆ వర్గాల్లో ఉర్దూలో చదివినవారు దాదాపు ఉండరు. పోస్టు అలాగే మిగిలిపోతుంది. ఇందులో పిల్లల తప్పు లేదు, ఆ వర్గాల తప్పు అంతకన్నా లేదు. కాని నష్టం మాత్రం తరగతిలో కూర్చున్న పిల్లలకే.

అందుకే హెడ్మాస్టరు గారిని మర్యాదగా అడగండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వరకు సైన్సు-లెక్కలకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు కనీసం ఉండాలి. ముప్పై అయిదుగురు పిల్లలకు ఒక టీచరు ఉండాలి. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలి. అది ఉందా అని మాత్రమే కాదు, నీళ్ళు వస్తున్నాయా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని కూడా తల్లి వెళ్ళి చూసుకోవాలి. అయిదు నిమిషాల పని. ఎన్నో ఇళ్ళలో పెద్దపిల్లలు బడి మానడానికి అసలు కారణం అదే, సిగ్గుతో చెప్పరు.

ఇక పెద్దల భయం ఒకటుంది: జిల్లా పరిషత్ బడిలో అందరూ వేరే మతాల టీచర్లే, పిల్ల దీన్‌కు దూరమవుతుందేమో అని. బద్ర్ యుద్ధం హిజ్రీ రెండో సంవత్సరంలో జరిగింది. పరిహారం చెల్లించలేని ఖైదీల్లో చదువు వచ్చినవారు మదీనా పిల్లలు పదిమందికి చొప్పున రాయడం, చదవడం నేర్పితే విడుదల చేశారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. వారు ముస్లింలు కారు, నిన్నటిదాకా కత్తి పట్టి వచ్చినవారు. మన ఊరి లెక్కల మాస్టారు వారికన్నా పరాయివాడా? యువకుడైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చేత దైవప్రవక్త (సఅసం) యూదుల లిపి నేర్పించారు. ఖుర్ఆన్‌ను ఒక్కచోట సంకలనం చేసే బాధ్యత తర్వాత ఆయనకే దక్కింది. పరాయి లిపి నేర్చినందువల్ల ఆయన దీన్‌కు ఏ కొరతా రాలేదు.

ఇంగ్లీషు మీడియంలో చేర్చేవారు ఉర్దూను వదిలేయవద్దు. ఆ బడిలో ఉర్దూ పండితులు ఉంటే భాషగా తీసుకునే వీలుందేమో అడగండి. లేకపోతే మగ్రిబ్ తర్వాత మక్తబ్‌లో ఖుర్ఆన్‌తో పాటు అరగంట ఉర్దూ చదివించండి. చదవడం, రాయడం రెండూ. మాట్లాడటంతో సరిపెట్టుకుంటే రేపు దాదాగారు రాసిన ఉత్తరం కూడా చదవలేరు.

చేర్పించాక బడి సంగతి మరిచిపోకండి. పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలని అదే చట్టం చెబుతోంది. మన తల్లులు ఆ కమిటీ సమావేశాలకు వెళ్ళాలి. ఖాళీ పోస్టు సంగతి అక్కడే లేవనెత్తాలి.

బడి మారేవారికి టీసీ వెంటనే ఇవ్వడం హెడ్మాస్టరు బాధ్యత. టీసీ ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడివారు చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. ఏ బడిలో చదివించినా బోనఫైడ్ సర్టిఫికెట్లు దాచిపెట్టండి. ఉద్యోగాల్లో స్థానికతకు ఒకటి నుంచి ఏడు తరగతుల చదువునే చూస్తారు.